చూపు బాగానే ఉందంటున్న నాన్నగారికి కంటి పరీక్ష అవసరమా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు, విశ్రాంత ఉపాధ్యాయులు. అమ్మకు 64. ఇద్దరూ తణుకు దగ్గర మా సొంత ఊళ్లో ఉంటారు. నాన్నగారికి తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది, మందులు సక్రమంగానే వాడుతున్నారు. ఈ మధ్య ఆయన కళ్లజోడు లేకుండానే పేపరు చదివేస్తున్నారు, ఈ వయసులో తన చూపు మెరుగైందని అందరికీ గొప్పగా చెప్పుకుంటున్నారు. అమ్మకు ఏ ఇబ్బందీ లేదు గానీ, ఆమె అన్నగారికి, అంటే మా మేనమామకు, నీటికాసుల వల్ల ఒక కన్ను పూర్తిగా పోయింది. ఇద్దరినీ ఒకసారి కంటి ఆసుపత్రిలో చూపిద్దామంటే నాన్నగారు ఒప్పుకోవడం లేదు. రెండేళ్ల క్రితం ఒక కళ్లజోళ్ల దుకాణం వాళ్లు ఊళ్లో శిబిరం పెట్టినప్పుడు చూపించుకున్నామని, పవర్ మారడం తప్ప ఏమీ లేదన్నారని చెబుతున్నారు. "కనబడుతుంటే పరీక్షలెందుకు? వెళ్తే ఏదో ఒకటి అంటగడతారు" అన్నది ఆయన వాదన. ఏ బాధా లేనప్పుడు పరీక్ష నిజంగా అవసరమా? అవసరమైతే ఎన్నాళ్లకోసారి?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అవసరమే. మీ ఇంట్లో ఇద్దరికీ అవసరం, అయితే ఇద్దరికీ కారణాలు వేరు.

మీరు యథాలాపంగా ప్రస్తావించిన సంగతితోనే మొదలుపెడతాను. ఏళ్ల తరబడి చత్వారపు జోడు వాడిన మనిషి 68వ ఏట జోడు తీసేసి పేపరు చదవగలుగుతున్నారంటే, అది చూపు మెరుగుపడిన గుర్తు కాదు. చాలా సందర్భాల్లో అది శుక్లం మొదలైన గుర్తు. కంటిలో ఉండే సహజమైన కటకం వయసుతో పాటు నడిమి భాగంలో గట్టిపడి పసుపు రంగుకు తిరుగుతున్నప్పుడు దాని పవర్ కూడా పెరుగుతుంది, దానితో కన్ను దగ్గరి వస్తువులను చూడటానికి అనుకూలంగా మారి, ఆ మేరకు దూరపు చూపును కోల్పోతుంది. దగ్గరి అక్షరాలు తేటగా కనబడుతున్న సంతోషంలో దూరం మసకబారుతున్న సంగతిని మనిషి అంతగా పట్టించుకోడు. శుక్లం ముదిరేకొద్దీ ఈ సౌకర్యం కూడా పోతుంది. ఆయనను రోడ్డుకు అవతలి వైపున్న దుకాణం బోర్డు చదవమనండి, బస్సు దగ్గరకు వచ్చేదాకా దాని మీది ఊరి పేరు తెలుస్తోందో లేదో, రాత్రిళ్లు ఎదురొచ్చే బండి వెలుతురు కళ్లల్లో చెదిరిపోతోందో లేదో అడగండి. ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులే ఆయనను ఆలోచింపజేయవచ్చు.

ఇందులో రెండో కారణానికీ తావుంది. రక్తంలో చక్కెర బాగా పెరిగి తగ్గుతున్నప్పుడు కటకంలోకి నీరు చేరడం, పోవడం జరిగి, కళ్లజోడు పవర్ కొద్ది వారాలపాటు అటూ ఇటూ మారుతుంది. షుగర్ అదుపులో లేని రోజుల్లో పవర్ పరీక్ష చేయించి కొత్త జోడు కట్టించుకున్నవారు, అదుపులోకి వచ్చాక ఆ జోడు పనికిరావడం లేదని దుకాణం వాళ్లను తిట్టుకోవడం మామూలే. కాబట్టి నాన్నగారి విషయంలో ఈ మార్పు శుక్లం వల్లనా, చక్కెర వల్లనా, రెండింటి వల్లనా అన్నది కంటిని చూసిన వైద్యుడే చెప్పగలడు. ఏ కారణమైనా సరే, ఆయన తన ఆరోగ్యానికి రుజువుగా చూపిస్తున్నదే పరీక్షకు వెళ్లడానికి మొదటి కారణం.

షుగర్ ఉన్నవారికి అసలు భయం శుక్లం కాదు, రెటీనా. కంటి వెనక గోడకు పొరలా అతుక్కుని ఉండే ఈ రెటీనాలోని సన్నని రక్తనాళాలు ఏళ్ల తరబడి పెరిగిన చక్కెర వల్ల బలహీనపడి, కొన్నిచోట్ల ఉబ్బి, కొన్నిచోట్ల కారి, మరికొన్నిచోట్ల మూసుకుపోతాయి. ఇదంతా జరుగుతున్నా మధ్యభాగమైన మాక్యులా దెబ్బతిననంతవరకూ చూపు ఏమాత్రం తగ్గకపోవచ్చు. మనిషి ఎప్పటిలాగే చార్టులోని చివరి వరుస దాకా చదివేయవచ్చు. తరువాత ఒక రోజు కంటిలో రక్తస్రావమై చూపు ఒక్కసారిగా మసకబారినప్పుడు పరుగెత్తుకొచ్చేవారికి చేయగలిగింది ఉంటుంది గానీ, ముందే వచ్చినవారికి చేయగలిగినంత ఉండదు. లేజర్ చికిత్స గానీ, కంటిలోకి ఇచ్చే ఇంజెక్షన్లు గానీ ప్రధానంగా ఉన్న చూపును నిలబెట్టడానికే తోడ్పడతాయి. పెద్ద వయసులో వచ్చే మధుమేహానికి వైద్యులు పాటించే నియమం స్పష్టంగా ఉంది: జబ్బు బయటపడిన రోజుల్లోనే మొదటి రెటీనా పరీక్ష, ఆ తరువాత ఏడాదికోసారి, మార్పులు కనబడితే వైద్యుడు చెప్పినట్లు ఇంకా తరచుగా. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉన్న మీ నాన్నగారికి ఇప్పటిదాకా కనుపాపలు పెద్దవి చేసి రెటీనాను ఒక్కసారైనా చూశారో లేదో మీ ఉత్తరంలో లేదు. చూడకపోయి ఉంటే ఈ పని ఇప్పటికే తొమ్మిదేళ్లు ఆలస్యమైంది.

ఇక అమ్మగారి సంగతి. ఆమెకు ఏ ఇబ్బందీ లేదన్న మాట నాకు నాన్నగారి గొప్పల కన్నా ఎక్కువ ఆందోళన కలిగించింది. నీటికాసుల వ్యాధి, వైద్యులు గ్లకోమా అనేది, తల్లిదండ్రులకు గానీ తోబుట్టువులకు గానీ ఉంటే మిగిలినవారికి వచ్చే అవకాశం మామూలు కన్నా చాలా ఎక్కువ. కంటి లోపల నిరంతరం ఊరే పలుచని ద్రవం బయటకు పోయే దారిలో అడ్డంకి ఏర్పడినప్పుడు ఒత్తిడి పెరిగి, కంటి నుంచి మెదడుకు వెళ్లే నరంలోని పోగులు కొద్దికొద్దిగా చచ్చిపోతాయి. ముందుగా పోయేది పక్కల చూపు. మధ్యచూపు చివరి దాకా చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి పుస్తకం చదవడం, సూదిలో దారం ఎక్కించడం, బియ్యంలో రాళ్లేరడం వంటి పనులన్నీ యథావిధిగా సాగిపోతాయి. పైగా ఒక కంటిలో పోయిన భాగాన్ని రెండో కన్ను పూరిస్తుంది, రెండు కళ్లకూ అందని ఖాళీని మెదడు చుట్టుపక్కల దృశ్యంతో నింపేస్తుంది. అందువల్లనే ఈ జబ్బు విషయంలో మనిషి తన చూపు గురించి తాను ఇచ్చే సాక్ష్యానికి విలువ లేదు. గుమ్మానికి భుజం తగలడం, పక్క నుంచి వచ్చిన మనిషిని చూసి ఉలిక్కిపడటం, మెట్టు దిగేటప్పుడు తడబడటం మొదలయ్యేనాటికి నరంలో చాలా భాగం పోయి ఉంటుంది, పోయిన దాన్ని ఏ మందూ ఏ ఆపరేషనూ తిరిగి తేలేవు. మీ మేనమామ గారికి జరిగింది బహుశా ఇదే.

ఇది ఎక్కడో జరిగే విషయం కాదు. 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద కంటి సర్వే జరిపింది. హైదరాబాద్ నగరంతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పది వేల మందికి పైగా పరీక్షించారు. మీ తణుకు ప్రాంతం ఉన్న పశ్చిమ గోదావరి ఆ నాలుగింటిలో ఒకటి. చూపు లోపాలకు ప్రధాన కారణాలుగా తేలినవి శుక్లాలు, సరైన కళ్లజోడు లేకపోవడం, అంటే నయమయ్యేవే. గ్లకోమా దగ్గర మాత్రం కథ వేరు: ఆ జబ్బు ఉన్నట్లు సర్వేలో బయటపడినవారిలో అత్యధికులకు అప్పటిదాకా తమకు అది ఉందని తెలియదు. దేశంలో ఇతర చోట్ల జరిగిన సర్వేల్లోనూ ఇదే కనబడింది.

శిబిరంలో ఏమీ లేదన్నారు కదా అన్న నాన్నగారి మాటకు సమాధానం ఇక్కడే ఉంది. కళ్లజోళ్ల దుకాణం శిబిరంలో చేసేది పవర్ పరీక్ష. యంత్రంలోకి చూడమని, తరువాత అద్దాలు మార్చి అక్షరాలు చదవమని, ఏ అద్దంతో తేటగా ఉందో రాసిస్తారు. ఆ పని వారు సరిగ్గానే చేసి ఉండవచ్చు. అయితే ఆ పరీక్ష కంటి లోపలి నరాన్ని చూడదు, రెటీనాను చూడదు, చాలా చోట్ల ఒత్తిడిని కూడా కొలవదు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న కంటి వెలుగు పేరుతో ప్రభుత్వాలు మొదలుపెట్టిన కార్యక్రమాలు ఎందరో వృద్ధులకు కళ్లజోళ్లు అందించాయి, ఆపరేషన్ అవసరమైనవారిని గుర్తించాయి. వాటి మేలును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అవి తొలి వడపోత మాత్రమే. అందులో దాటిపోయినంత మాత్రాన కన్ను పూర్తిగా ఆరోగ్యంగా ఉన్నట్లు కాదు.

సమగ్ర పరీక్ష అంటే ఏమిటో తెలిస్తే నాన్నగారి అనుమానాల్లో సగం తీరవచ్చు. ముందు ఒక్కో కన్ను మూసి రెండో కంటి చూపు విడివిడిగా కొలుస్తారు, పవర్ చూస్తారు. తరువాత స్లిట్ ల్యాంప్ అనే సూక్ష్మదర్శిని ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టి నల్లగుడ్డునూ కటకాన్నీ పరిశీలిస్తారు. కంటి ఒత్తిడి కొలుస్తారు. అది సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. ఒత్తిడి ఈ హద్దులోనే ఉన్నా నరం దెబ్బతినే గ్లకోమా కూడా ఉంది గనుక ఆ ఒక్క అంకెను చూసి నిశ్చింతగా ఉండకూడదు, నరం మొదలును కళ్లారా చూడాల్సిందే. అమ్మగారికి అదనంగా గోనియోస్కోపీ అనే పరీక్ష చేయమని అడగండి: ప్రత్యేకమైన అద్దాన్ని కంటికి తాకించి, ద్రవం బయటకు పోయే కోణం తెరుచుకునే ఉందా, ఇరుకుగా ఉందా అని చూస్తారు. ఆ కోణం మూసుకుపోయే రకం గ్లకోమా మన దేశంలో అరుదు కాదు, పెద్ద వయసు స్త్రీలలో మరింత ఎక్కువ. ముందే కనిపెడితే లేజర్‌తో నల్లపాప చుట్టూ ఉండే పొరలో చిన్న రంధ్రం చేసి చాలామందిలో ప్రమాదాన్ని తప్పించవచ్చు. వీటన్నింటి తరువాత కనుపాపలు పెద్దవయ్యే చుక్కలు వేసి, అరగంట ఆగి, రెటీనాను చూస్తారు. అనుమానం కలిగితేనే పక్కచూపు ఎంతవరకు ఉందో కొలిచే ఫీల్డ్ పరీక్ష, నరపు పొరల మందాన్ని కొలిచే ఓసీటీ స్కాన్ అవసరమవుతాయి.

చుక్కలు వేశాక నాలుగైదు గంటలు దగ్గరి అక్షరాలు మసకగా ఉంటాయి, ఎండ చూడలేరు. ఆ రోజు బండి నడపకూడదు, నల్ల కళ్లద్దాలు వెంట ఉండాలి. ఇద్దరికీ ఒకేరోజు చూపిస్తే తోడుగా మీరో మరొకరో తప్పనిసరి. చాలామంది పెద్దలు ఈ కొద్ది గంటల ఇబ్బందికి జంకి "చుక్కలు వద్దు, ఊరికే చూడండి" అని వైద్యుణ్ని బతిమాలుకుంటారు. షుగర్ ఉన్న మనిషి విషయంలో ఆ మాటకు వైద్యుడు తలొగ్గకపోవడమే మంచిది.

పాత కళ్లజోడు, షుగర్, బీపీ రిపోర్టులతో పాటు ఇద్దరూ వాడుతున్న మందులన్నీ పట్టుకెళ్లండి. ఇది మర్యాదకు చెప్పే మాట కాదు. మూత్రం సాఫీగా రావడానికి ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన మగవారు వాడే టాంసులోసిన్ మాత్ర శుక్లం ఆపరేషన్ సమయంలో కనుపాపను సరిగ్గా విప్పారనివ్వదు. ముందే తెలిస్తే సర్జన్ తగిన ఏర్పాటు చేసుకుంటాడు, దానికోసం మాత్రను సొంతంగా మానేయకూడదు. కీళ్లవాతానికి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్ల తరబడి వాడితే రెటీనాపై ప్రభావం చూపవచ్చు, ఐదేళ్లు దాటిన తరువాత ఏటా పరీక్ష కావాలి. ఉబ్బసం ఉంటే తప్పక చెప్పండి, ఎందుకంటే గ్లకోమాకు వాడే టిమోలాల్ చుక్కలు ఊపిరితిత్తుల మీద పనిచేసి ఆయాసాన్ని పెంచగలవు. స్టెరాయిడ్ల సంగతి మరీ ముఖ్యం. కళ్లు ఎర్రబడినప్పుడల్లా మందుల షాపులో అడిగి తెచ్చుకుని వేసుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే, కొన్ని వారాల్లోనే కంటి ఒత్తిడి పెరిగే మనుషులు ఉన్నారు, నెలల తరబడి వాడితే శుక్లం కూడా త్వరగా వస్తుంది. కళ్లల్లో తేనె, ఆముదం, చనుబాలు వేసే అలవాటు మీ ఊళ్లో ఇంకా ఉంటే దాన్నీ మాన్పించండి.

ఏదో ఒకటి అంటగడతారన్న భయం పూర్తిగా నిరాధారమని నేను అనను. శుక్లం ఉందనగానే ఖరీదైన కటకాల ప్యాకేజీల జాబితా చేతిలో పెట్టే చోట్లు ఉన్నాయి. ఈ విషయంలో మీకు మూడు సంగతులు తెలిస్తే చాలు. శుక్లం ఉన్నంత మాత్రాన ఆపరేషన్ చేయించుకోనక్కర్లేదు, రోజువారీ పనులకు అది అడ్డం వస్తున్నప్పుడు, లేదా వెనక ఉన్న రెటీనా పరీక్షకు అది ఆటంకమవుతున్నప్పుడు చేయించుకుంటారు. కాబట్టి అదే రోజు నిర్ణయం చెప్పమని ఒత్తిడి చేస్తే ఇంటికి వచ్చి ఆలోచించుకోవచ్చు, మరొక వైద్యుణ్ని అడగవచ్చు. దూరానికి మాత్రమే అమర్చే సాధారణ కటకం అత్యధికులకు చక్కగా సరిపోతుంది, దగ్గరికి జోడు పెట్టుకుంటే చాలు. గ్లకోమా గానీ రెటీనా జబ్బు గానీ ఉన్నవారికి దూరానికీ దగ్గరికీ పనిచేసే మల్టీఫోకల్ కటకాలు తరచు తగవు కూడా. మూడోది దీనికి వ్యతిరేక దిశలోని పొరపాటు: "శుక్లం బాగా ముదిరాకనే తీయాలి" అన్నది పాత రోజుల పద్ధతికి చెందిన మాట, ఇప్పుడు అలా వేచి ఉంటే ఆపరేషన్ కష్టమవుతుంది, మరీ ముదిరిన శుక్లం ఉబ్బి గానీ కారి గానీ కంటి ఒత్తిడిని ప్రమాదకరంగా పెంచగలదు. ఖర్చు గురించి సంకోచమైతే హైదరాబాద్‌లోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నంలోని ప్రాంతీయ కంటి ఆసుపత్రి వంటి ప్రభుత్వ సంస్థలున్నాయి. ఏ పరీక్ష రాసినా "ఇది దేనికోసం, దీని ఫలితాన్ని బట్టి చికిత్సలో ఏం మారుతుంది?" అని అడిగే హక్కు మీకుంది, నిజంగా అవసరమైన పరీక్షకు ఏ వైద్యుడైనా దీనికి జవాబు చెప్పగలడు.

ఎన్నాళ్లకోసారి అన్న ప్రశ్నకు: ఏ జబ్బూ, ఏ కుటుంబ చరిత్రా లేనివారు 40 ఏళ్ల వయసులో ఒకసారి సమగ్ర పరీక్ష చేయించుకుని, ఆ తరువాత వైద్యుడు చెప్పిన గడువుల్లో, 65 దాటాక ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చేయించుకుంటే సరిపోతుంది. నాన్నగారికి ఏటా, అమ్మగారికీ ప్రస్తుతానికి ఏటా. మొదటి పరీక్ష తరువాత వైద్యుడు ఈ గడువు మార్చవచ్చు. అమ్మగారికి గ్లకోమా ఉన్నట్లు తేలితే మీరూ, మీ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కూడా చూపించుకోవాలి. పరీక్ష అవసరం కంటి జబ్బుల కోసమే కాదు: పెద్ద వయసులో పడిపోవడానికి, తుంటి ఎముక విరగడానికి మసక చూపు ఒక ముఖ్య కారణం. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల సంఘం చిత్తవైకల్యం (డిమెన్షియా) ముప్పును పెంచే, మనం సరిచేసుకోగల 14 అంశాల్లో చికిత్స చేయించని చూపు లోపాన్ని కొత్తగా చేర్చింది.

ఈ గడువులతో పనిలేకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఉన్నట్టుండి కంటిలో మెరుపులు, నల్లచుక్కల వాన, పక్క నుంచి తెర దిగినట్లు అనిపించడం రెటీనా ఊడుతోందనడానికి సూచనలు. తలుపు అంచులు, కిటికీ ఊచలు వంకరగా కనబడితే అది మాక్యులా సమస్య. కన్ను ఎర్రబడి, తీవ్రమైన నొప్పితో దీపాల చుట్టూ రంగుల వలయాలు కనబడి, వాంతులు అవుతుంటే అది కోణం మూసుకుపోయిన గ్లకోమా కావచ్చు. దీన్నే మన ఇళ్లల్లో పైత్యమనో, తలనొప్పి అనో అనుకుని మాత్ర వేసి తెల్లవారేదాకా ఆగుతారు. ఆ ఒక్క రాత్రిలో కన్ను పోవచ్చు. అమ్మగారికి ఈ లక్షణాలు ముందుగా చెప్పి ఉంచండి.

నాన్నగారిని ఒప్పించడానికి నా సలహా ఇది. ఆయన జబ్బు గురించి వాదించవద్దు. గోడకున్న క్యాలెండర్‌ను గదిలో ఇటువైపు నుంచి ఒక్కో కన్ను మూసి చదవమనండి; రెండు కళ్లకూ తేడా ఉంటే ఆయనకే తెలుస్తుంది. దానికీ కదలకపోతే, అమ్మను మేనమామ కారణంగా తప్పనిసరిగా చూపించాలని చెప్పి, తోడుగా రమ్మనండి. తనకోసం ఆసుపత్రికి రాని పెద్దమనిషి భార్య కోసం వస్తాడు, వచ్చాక పక్క కుర్చీలో ఊరికే కూర్చోవడం ఆయనకే విసుగనిపిస్తుంది.

ఇద్దరి పరీక్షల ఫలితాలూ మామూలుగానే ఉన్నాయని చెప్పినా ఆ కాగితాలను పారేయవద్దు. ఒక్కో కంటి చూపు, ఒత్తిడి, నరం మొదలు ఎలా ఉందన్న వివరం, రెటీనా ఫోటో ఉంటే దాని ప్రతి, తేదీతో సహా ఒక ఫైలులో పెట్టి, వచ్చే ఏడాది వేరే వైద్యుడి దగ్గరకు వెళ్లినా దాన్ని ముందుగా చూపించండి. నరంలో నెమ్మదిగా వచ్చే మార్పును ఒక్కసారి చూసి తేల్చడం అనుభవజ్ఞులకు కూడా కష్టం. పాత కొలత పక్కన ఉంటే తేలికగా తెలుస్తుంది.